కుక్కపిల్ల కుంటడం

కుక్కపిల్ల ఒక కాలు ఎత్తిపట్టి నడుస్తున్నా, అడుగు ఆనించీ ఆనించకుండా తీసేస్తున్నా ఆ కాలు నొప్పిగా ఉందని అర్థం. కారణం ముల్లు కావచ్చు, విరిగిన ఎముకా కావచ్చు. నొప్పి ముంగాలిలో ఉంటే ఆ కాలు నేలకు ఆనిన ప్రతిసారీ తల పైకి లేస్తుంది.

మొదట పాదం చూడాలి. పల్లేరు ముల్లు, గాజు పెంకు, చీలిన గోరు, వేళ్ల సందున పట్టిన పిడుదు, ఎండాకాలపు తారు రోడ్డు కాల్చిన బొబ్బలు తరచుగా కనబడేవి. పాదంలో ఏమీ లేకపోతే పైకి మెల్లగా తడుముతూ, రెండో కాలితో పోల్చుకోవాలి. పిల్ల అరిచినా, కరవబోయినా అక్కడితో ఆపేయాలి.

కాలు అసలు మోపకపోయినా, వంకరగా వేలాడుతున్నా, వాచినా, జ్వరం ఉన్నా ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కొద్దిపాటి కుంటుకు మెట్లు, సోఫాలు ఎక్కనీయకుండా ఒక రోజు విశ్రాంతి ఇచ్చి చూడవచ్చు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా వేయకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను పాడుచేస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

కుక్కపిల్లల విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే, వాటి ఎముకల చివర్లలో ఎదుగుదల పలకలు ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి. పెద్ద కుక్కకు కీలు బెణికి ఊరుకునే దెబ్బకు పిల్లలో ఆ పలకే చిట్లవచ్చు. చంటిపిల్లల చేతుల్లోంచి జారిపడటమే చాలు. ముంగాలిలో పక్కపక్కనే ఉండే రేడియస్, అల్నా అనే రెండు ఎముకల్లో అల్నా కింది పలక శంకువు ఆకారంలో ఉంటుంది, తేలిగ్గా నలుగుతుంది. అది నలిగితే అల్నా ఎదగడం ఆగుతుంది, రేడియస్ పెరుగుతూనే ఉంటుంది. కొన్ని వారాల్లో కాలు విల్లులా వంగుతుంది. దెబ్బ తగిలిన రోజు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు కాబట్టి, డాక్టరు మళ్లీ తీయించమంటే తప్పకుండా తీయించాలి.

తిండి వల్ల వచ్చే కుంటు మన ఇళ్లలో ఎవరూ అనుమానించనిది. రోజూ అన్నం, ఎముకలు తీసిన కోడిమాంసం మాత్రమే పెడితే భాస్వరం ఎక్కువై, కాల్షియం చాలదు. ఒళ్లు ఆ లోటును ఎముకల నుంచే తీసుకుంటుంది. అలాంటి పిల్ల మంచం మీంచి దూకినా ఎముక మడతపడి విరగవచ్చు. దీనికి విరుగుడుగా, కుక్కపిల్లల కోసం తయారైన సమతుల ఆహారం తింటున్న పెద్ద జాతి పిల్లకు కాల్షియం సిరప్ కూడా పోయడం మరో తప్పు. ఎక్కువైన కాల్షియం కీళ్ల ఎదుగుదలను చెడగొడుతుంది.

జాతిని బట్టి కూడా కారణాలు మారతాయి. జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్ పిల్లల్లో తుంటి కీలు వదులు, పొమేరియన్లలో మోకాటి చిప్ప జారడం ఎక్కువ. పెద్ద జాతుల్లో 5 నుంచి 18 నెలల మధ్య వచ్చే పానోస్టయిటిస్ అనే ఎముకల జబ్బులో కుంటు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతూ, చివరికి దానంతటదే తగ్గిపోతుంది.

ఆసుపత్రిలో కొత్త మనుషుల మధ్య పిల్ల బెదిరి మామూలుగా నడిచేస్తుంటుంది. ఇంట్లో నడిచేటప్పుడు ముందు నుంచి, పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసుకెళ్తే డాక్టరుకు ఏ కాలో వెంటనే తెలుస్తుంది.