చాప ఎవరిది? - పల్నాటి చాపకూడు నుంచి బుర్రకథ దాకా

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు మా నాన్న నన్ను కారంపూడి వీరుల తిరునాళ్లకు తీసుకుపోయాడు. కార్తీక అమావాస్యనాడు మొదలై అయిదు రోజులు జరిగే ఉత్సవం అది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. ఎనిమిది వందల ఏళ్లనాటి యుద్ధాన్ని జనం ఆ అయిదు రోజుల్లో మళ్లీ నడిపిస్తారు. అక్కడ చాపకూడు పంక్తిలో కూచుని అన్నం తిన్నాం. పక్కనున్నది ఎవరో మా నాన్న అడగలేదు. మమ్మల్నీ ఎవరూ అడగలేదు.

సాయంత్రం మా వూళ్లో బస్సు దిగాం. టీ కొట్టు ముందు మా నాన్న చూరులో దోపివున్న గ్లాసు తనే తీసి, తనే కడిగి, చేయి చాచి పట్టుకున్నాడు. పైనుంచి టీ పోశారు. లోపల గోడమీద దేవుడి పటం, దాని ముందు అగరొత్తులు.

"పొద్దున అందరితో కలిసి తిన్నాంగా, నాన్నా?" అన్నాను.

"అది వీరుల చాపరా. ఇది వూరు" అన్నాడు.

ఆ మాటకు అర్థం వెతుక్కుంటూనే నా జీవితంలో చాలా భాగం గడిచింది. ఒక మత ప్రతీకను తిరగేసి సమాజాన్ని నిలదీసేందుకు వాడినప్పుడు ఆ ప్రతీక ఎవరి చేతిలో వుంటుంది? ఎంతకాలం వుంటుంది? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది ఇదే.

ముందు కథ చూద్దాం. పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివరిభాగానికి చెందినదని చరిత్రకారుల నిర్ణయం. గురజాలలో నలగామరాజు, ఆయన మంత్రిణి నాగమ్మ ఒక పక్షం. మాచర్లలో మలిదేవుడు, ఆయన వెనక బ్రహ్మనాయుడు రెండో పక్షం. కోడిపందెంలో ఓటమి, అరణ్యవాసం, రాయబారం, చివరకు కార్యమపూడి రణరంగం. శ్రీనాథుని పేర ప్రచారంలో వున్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించిన తర్వాతనే ఈ కథకు పండితలోకంలో గౌరవం దక్కింది. అప్పటిదాకా దాన్ని బతికించింది పండితులు కారు. మాలలలోని వీరవిద్యావంతులనే గాయకులు తరతరాలుగా నోట నిలుపుకున్న కథ అది. అలిసేటి గాలెయ్య అనే గాయకుడు పాడిన పాఠాన్ని జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ప్రచురించాడు. పండితుల ద్విపద పక్కన గాయకుల పాఠానికి కూడా ఆ విధంగా అచ్చులో చోటు దొరికింది.

ఈ కథలో బ్రహ్మనాయుడు కేవలం మంత్రి కాడు, విష్ణువు అంశ. మాచర్ల చెన్నకేశవుడే ఆయన రూపంలో నడిచాడని జనం నమ్మకం. ఆ విష్ణువు మాల కన్నమదాసును పెద్దకొడుకుగా చేసుకుంటాడు, సేనను అతని చేతికిస్తాడు, అన్ని కులాలనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టిస్తాడు. ఇందులోని సాహసాన్ని తక్కువ చేయకూడదు. గుడిలోకి రానివ్వని మనిషి పక్కన గుడిలోని దేవుడే వచ్చి కూచున్నాడని చెప్పడం మతాన్ని మతం చేతనే ప్రశ్నించడం.

అయితే చరిత్ర విద్యార్థి ఇక్కడితో ఆగితే చాలదు. యుద్ధానికి సిద్ధమవుతున్న సామంతుడికి మనుషులు కావాలి. వేరువేరు పొయ్యిలమీద వండుకుని, వేరువేరు కుండల్లో నీళ్లు తాగే సైన్యం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒకే చాప అనేది ఆ మేరకు సైనికావసరం కూడా. కన్నమదాసు మనిషిగా గుర్తింపు పొందడానికి ప్రభువుకు కొడుకు కావలసివచ్చింది, ప్రభువు కోసం కత్తి పట్టవలసివచ్చింది. చాప పరచినవాడు ప్రభువు. దాన్ని చుట్టేసే అధికారం కూడా ప్రభువుదే. యుద్ధం ముగిసింది, చాప గుడిలోకి పోయింది. నేడు కన్నమదాసు భైరవఖడ్గానికి పూజ జరుగుతుంది. కన్నమదాసు కులంవాడికి చూరులో గ్లాసు మిగిలింది. ఇది కేవలం వూరి పెద్దల కపటమని తేల్చేస్తే సరిపోదు. ధిక్కారాన్ని దేవుణ్ణి చేసి గర్భగుడిలో కూర్చోబెట్టడం పాలకవర్గాలకు బాగా తెలిసిన విద్య.

క్రీస్తు కూడా ఈ నేలకు వచ్చాడు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాలకు వెళ్లి పనిచేశాడు. మాల మాదిగ పల్లెలకు బడి వచ్చింది, అక్షరం వచ్చింది. కులం మాత్రం పోలేదు. ఈ వైరుధ్యంలోంచి పుట్టినవాడే వినుకొండ బిడ్డ గుర్రం జాషువ. 1941లో వెలువడిన 'గబ్బిలం'లో ఆయన ఏం చేశాడు? కాళిదాసు యక్షుడు మేఘం చేత ప్రియురాలికి కబురంపితే, జాషువ నాయకుడైన అంటరానివాడు గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురంపుతాడు. మనిషికి తెరవని తలుపు గబ్బిలానికి తెరిచేవుంటుంది. అది గర్భగుడిలోనే తలకిందులుగా వేలాడగలదు, దేవుడి చెవిలో చెప్పగలదు. అపశకునమని లోకం తోలే జీవిని దూతగా చేసి, గుడి వ్యవస్థను దాని లెక్కలతోనే ఆయన నిలదీశాడు. ఇక్కడ చాప పండితులది. అదే ఛందస్సు, అదే సందేశకావ్య సంప్రదాయం. జాషువ ఆ చాపమీద ఎవరి అనుమతితోనూ కూచోలేదు. దాన్ని తిరగేసి, వెనకవైపు మురికి ఎంత వుందో చూపించాడు. ఆ పద్యాలను నాటకాలాడేవాళ్లు రంగస్థలంమీద పాడుతూ వచ్చారు గనకనే అక్షరం రానివాళ్ల దాకా కూడా ఆ ప్రశ్న చేరింది.

అక్షరంతో పనిలేని జనం మధ్యకు ఈ పనిని పూర్తిగా దింపినవాడు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టాడు. బుర్రకథకు మూలం జంగం కథ, శివుణ్ణి పొగుడుతూ ఇల్లిల్లూ తిరిగేవారి కళారూపం. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి దాన్ని చేపట్టి కొత్త పని అప్పగించింది. మధ్య కథకుడు, అతని భుజాన తంబురా, వేళ్లకు అందెలు. రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు, ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. ఈ అమరికలోనే విమర్శ ఇమిడివుంది. కథకుడు పల్నాటి యుద్ధంలో లీనమై ప్రభువుల పౌరుషం వర్ణిస్తుంటే రాజకీయ వంత అడ్డు తగులుతాడు, బియ్యం ధర సంగతేమిటంటాడు. పురాణం ఆగుతుంది, వర్తమానం ప్రవేశిస్తుంది. వింటున్నవాడు భక్తుడుగా వుండే వీలు పోతుంది.

ముస్లిము నోట శైవుల కళారూపంలో వైష్ణవుడి చాపకూడు! నాజర్ 'పల్నాటి యుద్ధం' విన్న రైతుకూలీకి ఇందులో వింతేమీ కనిపించలేదు. కథ అతనిదే. ఎక్కడ కూచుని విన్నాడు? కోసిన చేలో, వూరి బయట మైదానంలో. ఆ రాత్రికి ఆ నేల ఎవరి అనుమతితోనూ పరచిన చాప కాదు. ప్రభుత్వం ఆ సంగతి గ్రహించింది కనకనే ప్రజానాట్యమండలి మీద నిషేధాలు, నిర్బంధాలు వచ్చాయి. తర్వాత కాలంలో అదే బుర్రకథను కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడుకున్నదీ ప్రభుత్వమే. 1986లో నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చిందీ ప్రభుత్వమే. ఆ కళాకారుడు సన్మానానికి అర్హుడు కాడని నా భావం కాదు. నిషేధం చేయలేని పనిని ఒక్కోసారి సన్మానం చేసిపెడుతుందని మాత్రమే.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. ఇంగ్లండులో బాంక్సీ అనే మారుపేరుతో వీధిగోడలమీద బొమ్మలు వేసే చిత్రకారుడు 2004లో ఒక ముద్రణా చిత్రం చేశాడు. క్రీస్తు శిలువ వేసిన భంగిమలో వుంటాడు, శిలువ మాత్రం కనబడదు. చాచిన చేతులకు పండగ కొనుగోళ్ల సంచులు వేలాడుతుంటాయి. క్రిస్మసును అంగడి సరుకు చేసిన సమాజంమీద అంతకంటె పదునైన వ్యాఖ్య వుండదు. కాని ప్రతులు 82 మాత్రమే. కొన్నాళ్లకు అవి వేలంపాటల్లో వేల పౌన్లు పలికాయి. సరుకును ఎగతాళి చేసిన బొమ్మ తానే ఖరీదైన సరుకైంది. మన గుడి చేసిన పనిని అక్కడ వేలంశాల చేసింది. చాప మళ్లీ ఎవరి చేతికి పోయిందో వేరే చెప్పాలా?

బుర్రకథను ఆ విధంగా 82 ప్రతులకు పరిమితం చేయలేరు. నిజమే. అయినా అది విన్న జిల్లాలలోనే 1985లో కారంచేడు జరిగింది, 1991లో చుండూరు జరిగింది. చాపకూడు కథ తెలియకనా చంపారు? తెలుసు. కథ గొప్పదని ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. చేలో పనిచేసేవాడు తలెత్తి సమానుడుగా మాట్లాడినప్పుడే అభ్యంతరం. కనక ప్రతీకను తిరగేయడం అవసరమే కాని, అది సగం పని. చాప పరిచే నేల ఎవరి పేర వుందన్న ప్రశ్న మిగిలిన సగం. ఆ ప్రశ్న వేయడం మానిన రోజున మన కథలు కూడా గుడికో వేలంశాలకో చేరుకుంటాయి.

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. వీరుల పేరు జిల్లాకు వచ్చింది, సంతోషం. మా నాన్న లేడు. మొన్న తిరునాళ్లకు మనవణ్ణి తీసుకుపోయాను, పంక్తిలో కూచున్నాం. తిని లేస్తూ వాడు అడిగాడు: "తాతా, మిగతా రోజుల్లో ఈ చాప ఎక్కడ దాస్తారు?"