రీలు తుపాకి

కనెక్టికట్ రాష్ట్రమందలి క్రామ్‌వెల్ పట్టణమున 1843లో నెలకొన్న స్టీవెన్స్ కర్మాగారము ఆ శతాబ్ది ఉత్తరార్ధమున పోత ఇనుముతో చేసిన బొమ్మ పిస్తోళ్లు, నేడు సేకర్తలు అపురూపముగ దాచుకొను రీలు తుపాకులకు పూర్వీకులు. ఎఱ్ఱ భాస్వరమును పొటాషియం క్లోరేటును కలిపిన మందును చుక్కలుగా కాగితమున పొదిగి చుట్టిన ఆ రీలుపై సుత్తి పడినంతనే, టప్పుమను శబ్దమును, సన్నని పొగయు, ముక్కునంటు ఘాటును వెలువడుచుండెను. 1950వ దశకమున రాయ్ రోజర్స్ వంటి కౌబాయ్ వీరులు టెలివిజనులో ఇంటింట ప్రత్యక్షము కాగా, యశద మిశ్రలోహపు తుపాకులు వారి నామాంకితములై అంగళ్లను నింపెను. మన తెలుగునాట ఈ వస్తువు దీపావళితో వచ్చి, రీళ్లు నిండుకొనగనే మూలబడుచుండెను. సేకర్తకు తుపాకియే కాదు, దాని అట్టపెట్టెయు విలువైనదే. మీ యింట నున్నచో, మెఱుగు పెట్టక భద్రపఱుపుడు.