భామాకలాపంలో వాచికం

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామం పేర నేడు లోకప్రసిద్ధమైన నాట్యం ఏకపాత్ర నృత్యంగా సభావేదికలను ఎక్కడానికి చాలా ముందు, భాగవతులనే పేరుతో మేళాలు కట్టి ఊరూరా తిరిగిన బ్రాహ్మణ కుటుంబాల పురుషులు ఆడిన నాటకం. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలనే నాలుగు అభినయాలలో వాచికానికి, అంటే పాత్రధారి తానే పాడి, పద్యం చదివి, మాట్లాడి కథ నడపడానికి, ఆ నాటకంలో అగ్రస్థానం ఉండేది. 16వ శతాబ్ది తొలి సంవత్సరాలలో సిద్ధవటం సీమ ప్రజలను పీడించిన సమ్మెట గురవరాజు దుర్మార్గాన్ని కూచిపూడివారు విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ఎదుట కేళికగా ఆడి చూపగా, రాయలు అతణ్ణి శిక్షించాడని మాచుపల్లె కైఫీయతు అనే స్థానిక చరిత్ర పత్రం చెబుతున్నది. ప్రజల గోడును ప్రభువు చెవిన వేయగలిగిన ఆ ప్రదర్శన కేవలం అడుగుల విన్యాసం అయి ఉండదు.

ఈ సంప్రదాయానికి మూలకందంగా నిలిచిన భామాకలాపాన్ని సిద్ధేంద్రయోగి రచించాడని పరంపర చెబుతుంది. ఆయన కాలం 17వ శతాబ్దిగా ఎక్కువమంది భావించినా, పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. పారిజాతాపహరణ కథలోని పంతాన్ని, విరహాన్ని తీసుకుని, కృష్ణుడి భార్య సత్యభామ అనే ఒక్క నాయిక మనసు చుట్టూ రాత్రుల తరబడి సాగేలా అల్లిన రచన ఇది. ఇందులో పాత్ర తన్ను తాను పరిచయం చేసుకునే ప్రవేశదరువు, కందపద్యాన్ని పాదాలుగా విడదీసి వాటి భావాన్ని గేయంగా పెంచే కందార్థం, సీసపద్యాలు, చూర్ణిక, వచనం ఒకదాని వెంట ఒకటి వస్తూ, నటుడికి గాత్రం, ఉచ్చారణ, తాళజ్ఞానం మూడూ సమంగా ఉండాలని కోరతాయి.

భామ రాక ఈ కలాపంలోని మహాఘట్టం. ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక పాత్రధారి నిలువగా, కాగడాల మీద చల్లిన గుగ్గిలం ఒక్కసారి భగ్గుమనగా, సూర్యచంద్రుల బిళ్ళలతో అలంకరించిన పొడవాటి జడ ముందుగా తెర మీదుగా ఇవతలికి వచ్చి పడేది. విద్యలో తన్ను ఓడించగలవారు సభలో ఉంటే ఆ జడను కోయవచ్చునన్నది అందులోని సవాలు. స్త్రీవేషం ధరించిన పురుషుడు అంత ధీమాతో పండితుల ముందుకు రావడం వెనుక చిన్ననాటి నుంచి సాగిన కఠినమైన శిక్షణ ఉండేది. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) భామ నడకలోని ఒయ్యారాన్ని, కోపాన్ని, బేలతనాన్ని ఒకే చూపులో మార్చి చూపిన నటుడిగా ఆ పరంపరకు శిఖరం.

అయితే కలాపం నిజంగా పండేది భామకు, మాధవికి మధ్య నడిచే సంవాదంలో. మేళాన్ని నడిపే సూత్రధారుడే భామ చెంత మాధవి అనే చెలికత్తె అవుతాడు. ఆమె నీ భర్త పేరేమిటని అడుగుతుంది. పతి పేరు పలకరాదన్న ఆచారానికి కట్టుబడిన భామ సిగ్గుతో తలవంచి, సైగలతో సూచించబోయి, చెలి గ్రహించనట్టు నటించడంతో విసిగి, చివరకు చెప్పక తప్పని స్థితికి వస్తుంది. కృష్ణుడికి భామ రాసిన లేఖ తీసుకువెళ్ళడానికి మాధవి ఆమె ముక్కరను కోరడం, భామ ఇవ్వలేక ఇవ్వడం కూడా ఇటువంటి ఘట్టమే. విరహాన్ని, హాస్యాన్ని ఒకే సంభాషణలో ఇంత సహజంగా పక్కపక్కన నిలిపిన కల్పన తెలుగు నాటకంలో అరుదు.

భామ కూచిపూడి అగ్రహారానికే పరిమితమైన పాత్ర కాదు. తీరాంధ్రలో కలావంతుల స్త్రీలు పారిజాతం పేర ఈ కథను ఆడారు. ఉత్తరాంధ్రలోని తూర్పు భాగవతులు మద్దెల హోరుతో తమదైన ఫక్కీలో ఆడుతూ వచ్చారు. వారిని పక్కనపెట్టి రాసిన చరిత్ర సగం చరిత్రే అవుతుంది.

20వ శతాబ్దిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నాట్యం నేర్పి ఏకపాత్ర ప్రదర్శనకు దారి వేయగా, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, అడుగులను, అభ్యాసక్రమాన్ని సంస్కరించి, ఎందరో నర్తకీమణులను తీర్చిదిద్దారు. ఈ నాట్యం బతికి విస్తరించడానికి ఆ కృషే ఆధారమైనదనడంలో సందేహం లేదు. కానీ నగర వేదికపై దొరికే కొద్ది నిమిషాలలో ప్రవేశదరువు మాత్రమే ప్రత్యేక అంశంగా నిలిచింది. పాట పక్కన కూర్చున్న గాయకుల వంతు కాగా, నర్తకి పెదవులు కదపడంతో సరిపుచ్చుకున్నది. భామ అహంకారం ప్రేక్షకుడికి అందుతున్నది గాని, ఆ అహంకారాన్ని మెల్లగా కరిగించే మాధవి ప్రశ్నలు సంపూర్ణ కలాపం ఆడిన అరుదైన రాత్రులలో మాత్రమే వినబడుతున్నాయి.