కొసరు పోయింది, కోత మిగిలింది

'అసలు కంటే కొసరు ముద్దు' అన్న సామెతను మన పిల్లలు వడ్డీకి, మనుమలకు మాత్రమే వాడుతున్నారు. అసలు ఆ మాట పుట్టింది అంగడిలో. బియ్యం కొలిచాక వర్తకుడు మరో గుప్పెడు పోసేవాడు. కూరలు తూచాక గుప్పెడు కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు సంచిలో వేసేవాడు. అదే కొసరు. దానికి లెక్క లేదు, బిల్లు లేదు. నేడు కొసరు మాయం కాలేదు, దాని దిశ మారింది. నాడు అమ్మేవాడు ఇచ్చేది, నేడు కొనేవాడి నుండి చెప్పకుండా తీసుకునేది అయింది. సర్వీసు ఛార్జి, ప్రాసెసింగ్ ఫీజు, కన్వీనియెన్స్ ఫీజు, ప్యాకింగ్, ఎస్.ఎం.ఎస్. ఛార్జి ఇలా ఎన్నో పేర్లు. నెలకొకసారి పింఛను తప్ప వేరే రాబడి లేని మనకు ఈ చిల్లర కోతలు చిల్లర విషయం కాదు. ఇది ఎలా వచ్చింది, దీనిని అరికట్టడానికి ఏమేమి జరిగింది అన్నది మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాస ఉద్దేశం.

పాత రోజులన్నీ మంచివేనని అనుకోరాదు. వర్తకుని మోసం రాజ్యమంత పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో తూనికలు, కొలతలు చూడడానికి పౌతవాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. తూకపు రాళ్లకు నాలుగు నెలలకొకసారి ముద్ర వేయించుకోవాలి. లేకుంటే జుల్మానా. స్వదేశపు సరుకుపై నూటికి అయిదు, పరదేశపు సరుకుపై నూటికి పది మించి లాభం తీయరాదన్న కట్టడి కూడా అందులో ఉంది. ఇన్ని కట్టుబాట్లు వ్రాయవలసి వచ్చిందంటే, అంతకు ముందే అన్ని మోసాలు జరిగి ఉండాలి గదా!

మన చిన్ననాటి కొలతలు గుర్తు చేసుకోండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కోస్తాలో తూకానికి వీశె, మణుగు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కన దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. మణుగంటే ఎనిమిది వీశెలు. సర్కారు వారి 80 తులాల శేరు 933 గ్రాములు, మద్రాసు శేరు 24 తులాలే. పేరు ఒకటే, బరువు వేరు. రైతు దగ్గర కొనేటప్పుడు కుంచంపై గుట్టగా నిలిచేలా కొలిచి, అమ్మేటప్పుడు తలకొట్టి అంచుకు సమంగా కొలిచేవారూ ఉండేవారు. ఆ తేడాయే వారి లాభం. పైన వేసిన గుప్పెడు కొసరు ఆ తేడాలో నుండి వచ్చిందే కావచ్చు.

ఈ గందరగోళాన్ని తీర్చడానికి స్వతంత్ర భారత ప్రభుత్వం రెండు పెద్ద పనులు చేసింది. మొదటిది నాణెం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి. అప్పుడు నాకు ఏడేళ్లు. అణా విలువ ఆరుంపావు నయాపైసలు, కాని పావు నయాపైసకు నాణెం లేదు. అందువల్ల అణాకు ఆరు, కానీకి రెండు అని లెక్క కట్టారు. నిజానికి కానీ విలువ ఒకటిన్నరకు కాస్త ఎక్కువ మాత్రమే. నాలుగు కానీల సరుకు ఒక్కసారి కొంటే ఆరు నయాపైసలు, నాలుగు సార్లుగా కొంటే ఎనిమిది. పెద్ద బేరం చేసేవాడికి ఏమీ కాలేదు. ఏ పూటకాపూట కానీ ఉప్పు, కానీ పప్పు కొనుక్కునే పేదవాడే ఆ రెండు నయాపైసలు పోగొట్టుకున్నాడు. చిల్లర కోత ఎప్పుడూ చిన్నవాడి మీదనే పడుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర లేదు.

రెండవది తూనికలు. 1956లో చట్టం చేశారు. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు మొదలై, 1962 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటా కిలో తప్పనిసరి అయింది. వీశె రాయి మూలపడింది. దీనివల్ల కలిగిన మేలు ఎంతైనా చెప్పవచ్చు. శ్రీకాకుళం కిలో, ఆదిలాబాదు కిలో ఒకటే అయ్యాయి.

తూకం కుదిరాక మోసం పొట్లంలోకి ప్రవేశించింది. సబ్బులు, టీపొడి, బిస్కట్లు కట్టిన పొట్లాల్లో రావడం మొదలయ్యాక లోపల ఎంత ఉందో, ధర ఎంతో తెలిసేది కాదు. 1976లో కొత్త తూనికల చట్టం, 1977లో పొట్లపు సరుకుల నిబంధనలు వచ్చాయి. తయారుచేసినవారి పేరు, బరువు, నెల, ధర పొట్లం మీద వేయాలన్నారు. అయితే ఆ నిబంధనలో ఒక సందు మిగిలింది. ధర పక్కన 'స్థానిక పన్నులు అదనం' అని వేసుకోవచ్చు. మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ అదనం ఎంతో పొట్లం మీద ఉండదు. కొట్టువాడు చెప్పిందే పన్ను. ఒకే వీధిలో మూడు కొట్లలో మూడు ధరలు. అందులో సర్కారుకు చేరేదెంత, గల్లాపెట్టెలో మిగిలేదెంత అన్నది అడిగే నాథుడు లేడు. చివరకు 1990లో నిబంధన మార్చి, 'అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర' అని వేయడం తప్పనిసరి చేశారు. మనం ఎమ్.ఆర్.పి. అంటున్నది అదే. దానిమీద జి.ఎస్.టి. వేరుగా అడిగే హక్కు ఏ కొట్టుకూ లేదు. అయితే 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, హోటల్లో కూర్చోబెట్టి సేవ చేసి ఇచ్చే నీళ్ల సీసాకు ఈ కట్టుబాటు వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తేడా తెలిసి ఉంటే అనవసరపు వాదులాట తప్పుతుంది.

ఇంకొక వైపు కొనుగోలుదారుకు కోర్టు వచ్చింది. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ తమ కాంగ్రెసుకు పంపిన సందేశంలో వినియోగదారుల హక్కులను పేర్కొన్నారు. 1986 డిసెంబరు 24న మన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మూడు మెట్లు. వకీలు లేకుండానే మన మాట మనం చెప్పుకోవచ్చు. 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చి, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వెసులుబాటు ఇచ్చింది. రూ. 5 లక్షల వరకు ఫీజు లేదు. రెండేళ్ల లోపు దాఖలు చేయాలి.

సరుకు మీద కట్టడి వచ్చాక, కోత సేవల మీదికి మళ్లింది. 1994 జూలై 1న టెలిఫోను బిల్లు మీద నూటికి అయిదు చొప్పున సేవాపన్ను మొదలైంది. అది సర్కారు పన్ను, చట్టబద్ధం. కాని బిల్లులో అసలు కింద మరికొన్ని పంక్తులు ఉండడం మనకు అలవాటు చేసింది అదే. ఆ పంక్తుల నడుమ ఏది పన్ను, ఏది రుసుము, ఏది కేవలం దబాయింపు అన్నది పోల్చుకోవడం కష్టమైంది. హోటల్ సర్వీసు ఛార్జినే చూడండి. చాలామంది అది సర్కారు పన్ను అనుకుని కట్టారు. అది హోటలువారు తీసుకునేదే. బిల్లులో దానంతట అదే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న చెప్పింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. 2023 నవంబరులో అదే సంస్థ, అంచెలంచెలుగా ధర పెంచడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 మాయోపాయాలను నిషేధించింది.

మన వర్గానికి దగ్గరి విషయం బ్యాంకు. మా బంధువులలో ఒకామె కుటుంబ పింఛనుపై బ్రతుకుతున్నది. నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి పోతే, దానితోపాటు మరో కాగితం మీద కూడా సంతకం చేయించారు. నెల తిరగక ముందే ఖాతాలోనుండి బీమా ప్రీమియం పోయింది. డెబ్బయ్యేళ్ల వితంతువుకు ఇరవయ్యేళ్ల పాలసీ! ఆ నెల ఆమెకు మందులకు డబ్బు లేదు. మూడు ఉత్తరాలు వ్రాసి, రసీదులు పెట్టుకుని అడిగితే గాని సొమ్ము తిరిగి రాలేదు. పాలసీ నచ్చకపోతే తిప్పి ఇవ్వడానికి గడువు ఉంటుంది. 2024 నుండి అది 30 రోజులు. ఆ గడువులో ఉన్నందువల్లనే ఆమె బయటపడింది. అలాగే కనీస నిల్వ తగ్గితే ముందుగా తెలియజేసి, నెల గడువు ఇచ్చిన తరువాతనే జరిమానా వేయాలని, ఆ జరిమానా వల్ల ఖాతా సున్న కిందికి పోరాదని రిజర్వు బ్యాంకు 2015 ఏప్రిల్ 1 నుండి నియమం పెట్టింది. పాస్‌బుక్కు చూసుకోనివారికి ఈ నియమం ఉన్నా లేనట్టే.

ధర పెంచకుండా బరువు తగ్గించడం మరొక కిటుకు. పొట్లం అంతే ఉంటుంది, లోపల సరుకు చిక్కిపోతుంది. అందుకే 2021లో చేసిన సవరణ ద్వారా గ్రాముకో, కిలోకో ధర ఎంతో పొట్లంపై వేయాలన్నారు. అక్షరాలు చిన్నవి, కళ్లజోడు పెట్టుకుని చూడవలసిందే.

సోదర పింఛనుదారులారా! మనం ముప్పయ్యేళ్లకు పైగా సర్కారు బిల్లులు చూసినవాళ్లం. వోచరు లేని పద్దును పాసు చేయలేదు. మంజూరు ఉత్తర్వు లేని రూపాయిని ఖజానా దాటనివ్వలేదు. పై అధికారి బిల్లు అయినా సరే, ఎర్ర సిరాతో అభ్యంతరం వ్రాసి వెనక్కి పంపినవాళ్లం. అటువంటి మనం సొంత సొమ్ము విషయంలో 'పోనీలే, పది రూపాయలే గదా' అని ఊరుకుంటున్నాం. ఆ పోనీలే మీదనే వారి వ్యాపారం నడుస్తున్నది. పది రూపాయలు మనకు చిన్నవి. కోటి మంది దగ్గర తీసుకునేవాడికి పది కోట్లు.

కాబట్టి బిల్లు అడగండి. ప్రతి పంక్తి చదవండి. అర్థం కాని పద్దుకు వివరం వ్రాతపూర్వకంగా కోరండి. చదవని కాగితంపై సంతకం చేయకండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయండి. చూపు ఆననివారికి, ఒంటరిగా ఉన్న కుటుంబ పింఛనుదారులకు మన సంఘ కార్యాలయంలో ఓపిక ఉన్నవారు నెలకొకసారి పాస్‌బుక్కు చదివి పెడితే, అంతకు మించిన సేవ లేదు. సర్కారు సొమ్ముకు కాపలా కాసిన కళ్లు, సొంత సొమ్ముకు, తోటివారి సొమ్ముకు కూడా కాపలా కాయగలవని నా నమ్మకం.