దీన్‌దయాళ్ కన్ను, మన కొండలు

రాజా దీన్‌దయాళ్ అనగానే మనలో చాలామందికి ఆరో నిజాం దర్బారే గుర్తొస్తుంది. చచ్చిన పులి పక్కన తుపాకీతో నిలబడ్డ దొరలు, ముత్యాల హారాల్లో నవాబులు, పొడవాటి బల్లల మీద వెండి సామాను పరిచిన విందులు. పాత హైదరాబాదు గురించి ఏ పుస్తకం అచ్చయినా అట్ట మీదో లోపలో ఆ ఫొటోలు ఉండాల్సిందే. ఈ వ్యాసం వాటి గురించి కాదు. వాటికి ముందు పదేళ్ళ పైచిలుకు ఆయన తీసిన కోటలు, గుళ్ళు, వాటి వెనకాల కొండల గురించి. నా ఉద్దేశంలో ఆయన అసలు పని అదే. దర్బారు ఆయనకి బిరుదు ఇచ్చింది గానీ, కన్ను మాత్రం అంతకు ముందే తయారైపోయింది.

ఆయన పుట్టుకతో దక్కనీ కాదు. 1844లో, మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్ళో, జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. ఇవాళ ఐఐటీ రూర్కీ అంటున్నది దాన్నే. 1866లో చదువు ముగించి ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. అంటే గోడకి ఎంత రాయి పడుతుందో, ఎంత సున్నం కావాలో లెక్క కట్టడం, నక్షాలు గియ్యడం. ఎనిమిదేళ్ళు ఆ పనిలో ఉన్నాక, 1874 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ళ వయసులో కెమెరా పట్టాడు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం చేసుకుంటూ, ముప్ఫైల్లో ఇంకో పిచ్చి తగిలించుకున్న మనుషులు నాకు బాగా తెలుసు. నేనూ ఆ బాపతే. కాబట్టి ఈయన మీద నాకు కాస్త పక్షపాతం ఉందని ముందే లెక్కలో వేసుకోండి.

ఇండోర్‌లో ఆయన్ని ప్రోత్సహించినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఒకరు, ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఇంకొకరు. డేలీ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ పర్యటనకి బయల్దేరుతూ దీన్‌దయాళ్‌ని వెంటబెట్టుకెళ్ళాడు. గ్వాలియర్, ఖజురహో, ఓర్ఛా, సాంచి. ఆ ఫొటోలే 1886లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల మీద గ్రిఫిన్ వేసిన పెద్ద పుస్తకంలోకి ఎక్కాయి. రాత గ్రిఫిన్‌ది. పుస్తకాన్ని ఇవాళ ఎవరైనా తెరిచేది మాత్రం బొమ్మల కోసమే.

ఆ బొమ్మల్ని తీరిగ్గా చూస్తే ఎస్టిమేటరు కనిపిస్తాడు. కట్టడానికి ఎదురుగా బోర్లా పడిపోడు, కాస్త పక్కకి జరిగి మూల మీద నిలబడతాడు. దాంతో రెండు గోడలు ఒకేసారి కనిపిస్తాయి, లోతు తెలుస్తుంది. పునాది కోసెయ్యడు. గోడలు నిలువుగానే ఉంటాయి, వెనక్కి వాలిపోవు. ఫోన్ ఎత్తి గుడి గోపురం తీసినవాళ్ళందరికీ తెలుసు, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఆనాటి పెద్ద కెమెరాలో లెన్సు బిగించిన పలకని మాత్రమే పైకి జరిపే వీలుండేది. కెమెరా పెట్టె తల ఎత్తకుండానే శిఖరం చట్రంలోకి వచ్చేది. ఇక ఎక్కడో ఓ మూల ఒక మనిషి నిలబడో కూచునో ఉంటాడు. అందం కోసం పెట్టిన మనిషి కాడతను, కొలత. అతని ఎత్తు మనకి తెలుసు కాబట్టి గోడ ఎత్తు తెలిసిపోతుంది. ఇది అప్పట్లో చాలామంది చేసిన పనే. కానీ దీన్‌దయాళ్ ఆ మనిషిని పెట్టే చోటులో లెక్క తప్పదు.

ఆయన ఓర్పు గురించి రాసేవాళ్ళు దాన్నొక సాధువు గుణంలాగా రాస్తారు. నాకలా అనిపించదు. ఆ ఓర్పులో సగం రసాయన శాస్త్రం. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో నడుస్తున్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు పొయ్యాలి, అది నాలుగు మూలలకీ సమంగా పారేట్టు పలకని వంచాలి, చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి, తీసి కెమెరాలో పెట్టాలి, ఫొటో తియ్యాలి, మళ్ళీ చీకట్లోకి పరుగెత్తి డెవలప్ చెయ్యాలి. ఇదంతా పలక ఆరిపోక ముందే, పది నిమిషాల్లో. ఎండాకాలమైతే ఇంకా తక్కువ. అంటే ఊరి బయట ఫొటో తియ్యాలంటే చీకటి గుడారం వెంట ఉండాలి, శుభ్రమైన నీళ్ళు ఉండాలి. పైగా చిన్న నెగెటివ్‌ని పెద్దది చేసుకోవడం అప్పట్లో మామూలు పని కాదు. నెగెటివ్ ఎంతుంటే బొమ్మ అంతే. పెద్ద బొమ్మ కావాలంటే అంత గాజు పలకా మోసుకెళ్ళాల్సిందే. ఆ తర్వాత కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాయితం మీద నెగెటివ్ ఆనించి, ఎండలో పెట్టి, బొమ్మ తేలేదాకా చూస్తూ కూచోవాలి.

1871లో రిచర్డ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జెలటిన్ పూసిన పొడి పలకల ఉపాయం కనిపెట్టాడు. 1880 నాటికి అవి బజార్లోకి వచ్చాయి. ముందే తయారైన పలక, తీరిక దొరికినప్పుడు డెవలప్ చేసుకోవచ్చు. అయితే జెలటిన్‌కి వేడి పడదు. వెచ్చటి నీళ్ళలో పొర అంచులు ముడతలు పడి గాజు మీంచి ఊడి వచ్చేస్తుంది. మన దేశంలో చల్లటి నీళ్ళు దొరికే వేళ ఏది? తెల్లారుజామున. ఇలా ప్రతి మెట్టులోనూ ఆగడం తప్ప గత్యంతరం లేని పని అది. అందువల్ల జరిగిన మంచి ఏమిటంటే, రోజుకి ఏ పదో తియ్యగలిగే మనిషి ఎక్కడ నిలబడాలో ముందు కాళ్ళతో తేల్చుకుంటాడు. మేం సాఫ్ట్‌వేర్‌లో కంపైల్ చెయ్యడానికి రాత్రంతా పట్టే రోజుల గురించి సీనియర్లు చెబుతుంటారు, కోడ్ రాసే ముందు కాయితం మీద నాలుగుసార్లు చూసుకునేవాళ్ళమని. అలాంటిదే.

మాది విజయనగరం వైపు. సెలవలకి ఇంటికెళ్ళినప్పుడు రామతీర్థం దగ్గర కొండల్ని తీస్తుంటాను. గురుభక్తుల కొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలు, పక్క కొండల మీద జైనుల ఆనవాళ్ళు, కింద రాముడి గుడి. అన్నిటికీ మించి ఆ రాతి గుండ్లు. ఒక కార్తీక మాసంలో, దీన్‌దయాళ్ లాగా రోజుకి పది ఫొటోలే తీస్తానని పంతం పెట్టుకుని, పొద్దున్నే ఒక గట్టు మీద కూచున్నాను. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన రెండోసారి అటొచ్చినప్పుడు ఆగాడు.

“ఏటి బాబూ, పొద్దున్నుంచీ ఆ కొండకాసే సూస్తన్నావు. ఏటుందక్కడ?”

“ఎండ అటు తిరగాలి తాతా. ఫొటో తీద్దారని.”

“తిరగాలంటే మజ్జేనం దాటాల. అంతదాకా ఇక్కడే కూకుంతావేటి?” అని, కాస్సేపు తనూ కొండకేసి చూసి, “ఆ గుండు నీడ ఈ రాయి మీద పడితే మేం ఇంటికెల్లిపోతాం,” అన్నాడు.

ఆ వెలుగు గురించి నేను మూడు యాప్‌లు చూసి తెలుసుకున్నదాని కంటే ఆయన చెప్పిందే కచ్చితంగా ఉంది. మూడు దాటాక నీడ ఆ రాయి మీద పడింది.

ఆ ఫొటోల్ని తర్వాత కంప్యూటర్లో, పాత పలకలు చూసినట్టు చూపించమని చిన్న ప్రోగ్రాం రాసుకుని ఆడాను. ఆనాటి పలకలకి నీలం ఒక్కటే బాగా తెలుసు. ఎరుపు తెలీదు, ఆకుపచ్చ అంతంతే. ఆకాశం పాలిపోయి తెల్లకాయితం అవుతుంది, మబ్బులుండవు. మన నేల సంగతి ఇంకా దారుణం. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైటు రాయి, దానికి ఆ పేరు ఖోందు గిరిజనుల నుంచే వచ్చింది, ఎండా వానలకి తుప్పు రంగు తేలుతుంది. మన ఎర్రమట్టి గట్లు, తాటితోపులు, జీడిమామిడి తోటలు, అన్నీ కలిసి ఒకే నల్ల ముద్ద. సాంచి, ఖజురహోల లేతరంగు ఇసకరాయి ఆ పలకల మీద ఎలా వెలిగేదో, మా ఊరు అలా ఆరిపోయింది. దీన్‌దయాళ్ ఇటు వచ్చి ఉంటే ఏం చేసేవాడా అని ఆలోచించాను. ఎండ నేరుగా రాతి మీద పడే వేళ కోసం ఆగేవాడు, నేలని తక్కువ చూపించేవాడు అనుకుంటాను.

ఆకాశం సమస్యకి ఒక పరిష్కారం మద్రాసులోనే పుట్టింది. 1856లో మద్రాసు ప్రభుత్వం కెప్టెన్ లినేయస్ ట్రైప్‌ని తన ఫొటోగ్రాఫరుగా వేసుకుంది. ఆయన మైనం పట్టించిన కాయితం నెగెటివ్‌ల మీద కుంచెతో మబ్బులు దిద్దేవాడు. అమరావతి శిల్పాలు మద్రాసు మ్యూజియంలో ఉన్నప్పుడు 1858లో వాటికి ఫొటోలు తీసిందీ ఆయనే. శ్రీకాకుళం ఉన్న గంజాం జిల్లా, విజయనగరం ఉన్న విశాఖపట్నం జిల్లా కూడా ఆ రాజధానిలోవే. కానీ ట్రైప్ పెద్ద యాత్ర దక్షిణానికి సాగింది. శ్రీరంగం, మధుర, తంజావూరు. తర్వాత రెండేళ్ళలోనే కొత్త గవర్నరు ట్రెవెల్యాన్ ఇదంతా దండగ ఖర్చని ఆ శాఖనే ఎత్తేశాడు. ట్రైప్ కెమెరా జీవితం దాదాపు అక్కడితో సరి.

దీన్‌దయాళ్‌కి ఆ గతి పట్టకపోవడానికి కారణం ఆయన ఓర్పు కాదు, పోషకులు. 1885లో వైస్రాయ్ డఫరిన్‌కి ఫొటోగ్రాఫరయ్యాడు, సర్కారు ఉద్యోగం వదిలాడు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1894లో నిజాం ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అన్నాడు. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో. ఈ దశలో పనితనం ఎక్కడా తగ్గలేదు. కానీ ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడాలో హోదా నిర్ణయించే చోట ఎస్టిమేటరుకి పనేముంది? చార్మినార్ వీధిని చూపించిన ఫొటో పక్కన ఒక విందు ఫొటో పెట్టి చూడండి. మొదటిది ఆయన చూసింది, రెండోది ఆయనకి చూపించింది.

ఇక్కడ నాకు ఎప్పుడూ తట్టే ఒక సంవత్సరం ఉంది, 1892. ఆ ఏడు దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అదే ఏడు విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి రంగం ఎక్కింది. ఆనందగజపతికి డబ్బు లేకా కాదు, అభిరుచి లేకా కాదు. మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణకి ఇంగ్లండుకి డబ్బు పంపినవాడాయన. గురజాడని పక్కన పెట్టుకున్నవాడు. ఆయన మనసు మాట మీద, పాట మీద ఉంది. నిజాంకి కెమెరా అంటే ఇష్టం. అందుకే హైదరాబాదు మనకి బొమ్మల్లో మిగిలింది, విజయనగరం మాటల్లో మిగిలింది. బొంకుల దిబ్బ పేరు చెబితే గిరీశం కనిపిస్తాడు, దిబ్బ కనిపించదు. తర్వాత చాసో, కారా మాస్టారు కూడా ఆ పనే చేశారు. మనుషుల్ని ఎంత దగ్గరగా చూపించారంటే, వాళ్ళ వెనకాల కొండ ఉందన్న ధ్యాసే రాదు. ఇది ఫిర్యాదు కాదు. బేరం వేస్తే మనకే లాభం అని కూడా వాదించొచ్చు.

నష్టం ఎక్కడో చెబుతాను. రైళ్ళు మన తీరానికి 1893-96 మధ్య వచ్చాక కెమెరాలూ వచ్చాయి, కానీ పని మీద వచ్చాయి. 1908 తర్వాత పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ రామతీర్థం తవ్వించాడు. 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలని గిడుగు రామమూర్తి లోకం దృష్టికి తెచ్చారు. ఇలాంటి చోట్ల ఫొటోలో అసలు మనిషి ఇటుక. స్తూపం పునాది, విరిగిన శిల్పం, కుండ పెంకు. కొండ అనేది పునాది వెనక ఖాళీని నింపడానికి ఉంటుంది. ఇక ఊళ్ళ స్టూడియోల్లోనైతే మనవాళ్ళు మంచుకొండలు గీసిన తెర ముందు కూచుని ఫొటోలు దిగారు, బయట నిజం కొండ పెట్టుకుని.

దీన్‌దయాళ్ 1905లో బొంబాయిలో పోయాడు. స్టూడియోల గాజు పలకల్లో 2,857 పలకల్ని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్నది. గ్వాలియర్ కోట గోడలో ఏ రాయి ఎప్పుడు పోయిందో ఎవరైనా తేల్చాలనుకుంటే, పోల్చి చూసుకోవడానికి ఆయన బొమ్మ ఉంది.

టెక్కలి వైపు మా అమ్మగారి ఊరి పక్కన కొండని గ్రానైట్ కోసం కోస్తున్నారు. ఎంత పోయిందని ఊళ్ళో అడిగితే తలో మాట. పూర్తి కొండ ఉన్న ఫొటో కోసం చుట్టాలందరి ఆల్బములూ వెతికాను. ఒక్కటి దొరికింది, 1987లో మా పెద్ద మావయ్య పెళ్ళి ఊరేగింపు. బ్యాండు మేళం, గొడుగు, మావయ్య, ఆయన భుజం మీదుగా శిఖరం, కొండ మొదట్లో ఒక కరెంటు స్తంభం. ఆ స్తంభం ఇంకా అక్కడే ఉంది. మావయ్యే నన్ను వెంటబెట్టుకెళ్ళి ఊరేగింపు ఆగిన చోటు చూపించాడు. అక్కణ్ణించే మళ్ళీ తీసి, స్తంభాన్ని కొలతగా పెట్టి రెండు ఫొటోల్నీ ఒకదాని మీద ఒకటి పరిచాను. శిఖరం నుంచి నాలుగున్నర స్తంభాల ఎత్తు లేదు. కుడి వాలు సంగతి తేల్చలేం, దాన్ని గొడుగు కప్పేసింది.