చంద్రకాంత: పాఠకుల తీర్పు

కాశీ సంస్థానమునకు చెందిన చకియా, నౌగఢ్ అడవులను గుత్తకు తీసికొనిన దేవకీనందన్ ఖత్రీ, అచటి శిథిల దుర్గములను చూచి అద్భుతకథ నల్లినాడు. 1888లో వెలువడిన ఆ హిందీ నవలయే 'చంద్రకాంత'. 'తిలిస్మ్' అనెడి మాయాకట్టడములు, వేషములు మార్చు 'అయ్యారులు' అందు కథను నడుపుదురు. ఉర్దూ మాత్రమే చదువనేర్చిన వారనేకులు దీనికొరకై నాగరి లిపి నేర్చికొనిరి.

రామచంద్ర శుక్ల 1929 నాటి తన సాహిత్య చరిత్రలో ఈ ఘనతను అంగీకరించియు, ఘటనావైచిత్ర్యమే గాని రసము, పాత్రపోషణము లేవని ఈ నవలలను సాహిత్యకోటిలో చేర్చలేదు. ఆ తీర్పులో సత్యము లేకపోలేదు. అయినను, ప్రేమ్‌చంద్ ఉర్దూనుండి హిందీకి వచ్చునాటికి నవల చదువుట కలవాటుపడిన పాఠకలోక మొకటి సిద్ధముగా నుండెను. దానిని పెంచినవి విమర్శకులు వెలివేసిన ఈ మాయాకథలే.