క్రొత్త గొంతు

రెడ్డిగూడెము వంటి పల్లెలలో ఎడ్లు బండలాగునపుడు జనము చెవులు మైకుమీదనే యుండును. ఏ రైతు జత, ఎన్ని అడుగులు, ఇంకెంత సమయము - ఈ మూడును విడిచి సొంత కథలకు దిగినవానిని వారు సహింపరు.

రేడియో శ్రోతలును అంతే. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండునకు నడిపిన విజయనగరము మహారాజకుమారుడు 'విజ్జీ' పిమ్మట వ్యాఖ్యాత యయ్యెను. 1959లో బి.బి.సి. కూడ ఆయనను ఆహ్వానించెను. పేరు పెద్దదే, కాని ఆ మాటల ధోరణికి శ్రోతలు పలువురు విసిగిరి. వినువానికి వ్యాఖ్యాతయే కన్ను గదా! ఆ కన్ను ప్రక్కకు తిరిగినచో ఆటయే మాయమగును.

2018లో ఐ.పి.ఎల్. పోటీలకు టెలివిజనులో తెలుగు వ్యాఖ్యానము వినిపించినది. మాజీ ఆటగాడు వెంకటపతి రాజు మున్నగువారు మైకు పట్టిరి. ఇంగ్లీషు వ్యాఖ్యానమునకు అలవాటుపడిన చెవికి అది తొలుత క్రొత్తయే. ఇంగ్లీషు రాని తల్లికి మాత్రము ఆట అపుడే ఇంటిలోనికి వచ్చినది.

బంతి పడిన చోటును కన్ను చూచును. అది యెందుకట్లు తిరిగినదో గొంతు చెప్పవలెను. అది చెప్పిన నాడు క్రొత్త గొంతు పాతబడుటకు ఎన్నాళ్లో పట్టదు. మైకు ముందు కూర్చుండు మేము మరువరాని పాఠమిది.